సాయం ఎక్కడ ఆగుతుంది, కూలి ఎక్కడ మొదలవుతుంది?

జనవరి దాటిందంటే గోదావరికి ఇటూ అటూ మిరప చేలు ఎర్రబడతాయి. ఖమ్మం మైదాన మండలాల నుంచి భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల మీదుగా వాజేడు, వెంకటాపురం దాకా ఏప్రిల్ వరకూ కోతలే. ఒకే చేనుని రెండు మూడు విడతలుగా కోయాలి. పండిన కాయని ఏరి కోయాలి కాబట్టి చేతులే కావాలి. ఊళ్ళోని కూలీలు చాలరు. సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి ఆదివాసీ కుటుంబాలు సరిహద్దు దాటి వస్తాయి. అడవి అంచున గుడిసెలు వేసుకున్న గొత్తికోయలు వస్తారు. మన ఏజెన్సీ గూడేల నుంచి కోయ స్త్రీలు ట్రాలీ ఆటోల్లో తెల్లవారకముందే బయల్దేరతారు. సరిగ్గా ఈ నెలలే బడికి కూడా ముఖ్యమైనవి. పాఠాలు పూర్తికావలసిందీ, పదో తరగతి పరీక్షలు జరిగేదీ ఈ కాలంలోనే. పంట క్యాలెండరూ బడి క్యాలెండరూ ఢీకొన్నప్పుడు ముందుగా బడి మానేది ఆడపిల్ల.

చదువుకుంటున్న పిల్లలు బడి సాగే రోజుల్లో పనిచేయవచ్చా? చేస్తే ఎంతసేపు, ఏ వేళల్లో, ఎవరి బాధ్యత కింద? ఈ ప్రశ్నకి చట్టంలో జవాబులున్నాయి. కొన్ని చాలా వివరంగా ఉన్నాయి కూడా. అయినా మిరప చేలో ఆ నియమాల జాడ కనపడదు. దీన్ని అధికారుల నిర్లక్ష్యం అని సరిపెట్టుకోవటం తేలిక. నిర్లక్ష్యం ఉన్నమాట నిజమే. కానీ అసలు లోపం నియమాలు ఏ పిల్లని ఊహించుకుని రాశారన్న దగ్గర ఉంది. ఆ నియమాలు ఊహించిన పిల్లకి బడి అయిపోయాక మూడు గంటలు ఖాళీగా ఉంటాయి. మన గూడెంలో ఆడపిల్లకి ఆ మూడు గంటలు ఎప్పుడూ లేవు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1986 బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. మంచిదే. కానీ వెంటనే ఒక మినహాయింపు ఇచ్చారు. బడివేళలు అయిపోయాక, సెలవుల్లో, ప్రమాదకరం కాని పనుల్లో పిల్లలు తమ కుటుంబానికి గానీ కుటుంబ వృత్తి వ్యాపారాలకి గానీ ‘సాయం’ చేయవచ్చు. కుటుంబం అంటే తల్లిదండ్రులు, తోబుట్టువులే కాదు. అమ్మ తరఫు, నాన్న తరఫు తోబుట్టువులు కూడా. సాయం అంటే ఏమిటో 2017లో వచ్చిన నియమాలు చెప్పాయి. బడి వేళల్లో కూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా కూడదు. విశ్రాంతి కాకుండా రోజుకి మూడు గంటలు మించకూడదు. హాజరుకీ, ఇంటిదగ్గర చేసుకోవలసిన చదువుకీ అడ్డు రాకూడదు. ఆ పనివల్ల పిల్లకి గానీ కుటుంబానికి గానీ ఆదాయం రాకూడదు. పెద్దవాళ్ళు చేయవలసిన పనికి బదులుగా పిల్లని పెట్టకూడదు.

14 నుంచి 18 ఏళ్ళ మధ్య వాళ్ళని చట్టం కౌమారులు అంటుంది. గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియలు తప్ప మిగతా పనుల్లో వాళ్ళని పెట్టుకోవచ్చు. అయితే నియమాలున్నాయి. మూడు గంటలు పనిచేస్తే కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతి, పనికోసం ఎదురుచూసిన సమయం అన్నీ కలిపి రోజుకి ఆరు గంటలు దాటకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని చేయించకూడదు. వారానికొక రోజు పూర్తి సెలవు ఇవ్వాలి. వాళ్ళ పేర్లు, వయసు, పనిగంటలు రిజిస్టరులో రాయాలి. ఈ నియమాలు వర్తించే చోట్ల జాబితాలో దుకాణం, వర్క్‌షాపు, హోటలుతోపాటు ‘వ్యవసాయ క్షేత్రం’ అన్న మాట కూడా ఉంది. అంటే పదిహేనేళ్ళ విద్యార్థిని మిరప కోతకి వెళ్తే ఈ రక్షణలన్నీ ఆమెకి ఉండాలి. మిరప చేలో అట్లాంటి రిజిస్టరు పెట్టిన రైతుని మనలో ఎవరైనా చూశామా?

ఇప్పుడు గడియారం చూద్దాం. బడి తొమ్మిదిన్నరకి మొదలై నాలుగున్నర దాకా సాగుతుందనుకుందాం. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత పని కూడదు. మిగిలేది ఉదయం గంటన్నర, సాయంత్రం రెండున్నర గంటలు. అందులోనే బడికి నడిచి వెళ్ళాలి, తిరిగి రావాలి, తినాలి, చదువుకోవాలి. మిరప చేను ఊరి పక్కనే ఉండదు. కూలీల బండి చీకటితోనే కదులుతుంది. ఎండ ముదరకముందే ఎంత కాయ కోస్తే అంత. కాబట్టి ‘బడి అయ్యాక మూడు గంటలు’ అన్న పద్ధతిలో మిరప కోత జరగదు. పిల్ల చేనుకి వెళ్తే ఆ రోజు బడి పోయినట్టే. దీనికి ఒక్క మినహాయింపుంది. మార్చి నడిమి నుంచి ఎండల వల్ల ఒంటిపూట బడులు పెడతారు. మధ్యాహ్నానికి బడి వదులుతారు. పిల్లలు ఎండలో ఉండకూడదని ఇచ్చిన ఆ పూట, కోత ముమ్మరంగా ఉన్న ఊళ్ళో, పిల్లని అదే ఎండలో చేలోకి పంపించే పూట అవుతుంది. కాగితం మీద అది ‘బడివేళల తర్వాత’ సమయమే.

రెండో చిక్కు కూలి లెక్కలో ఉంది. కోతకి రోజుకూలి ఇచ్చేచోట్ల పిల్లకి తక్కువ కూలి కట్టి ‘సగం కూలి’ అంటారు. అక్కడ కనీసం ఆ పిల్ల మనిషిగా లెక్కకి వస్తుంది. గుత్తకి ఇచ్చినచోట, కిలోల లెక్కన కట్టినచోట, పిల్ల అసలు కనపడదు. ఆమె కోసిన కాయ అమ్మ బస్తాలో పడుతుంది. తూకం అమ్మ పేరున, డబ్బు తరచు నాన్న చేతికి. వలస వచ్చినవాళ్ళకి కూలిగా మిరపకాయలే ఇచ్చే చోట్లు కూడా ఉన్నాయి. కిలోకి ఇచ్చే రేటు ఎంత తక్కువైతే ఇంటిల్లిపాదీ చేతులు అంత అవసరమవుతాయి. పిల్లని పనిలో పెట్టావా అని యజమానిని అడిగితే ‘నేను పెట్టుకోలేదు, తల్లి వెంట వచ్చింది’ అంటాడు. ఆ మాటలో అబద్ధం కూడా ఉండకపోవచ్చు. అతను పెట్టుకున్నది ఒక రేటుని. పిల్లని చేలోకి రప్పించింది ఆ రేటు.

మూడో చిక్కు ‘కుటుంబ’ అన్న మాటలో ఉంది. ఏజెన్సీలో ఆదివాసీ భూమి ఆదివాసేతరులకి బదిలీ కాకూడదని 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్ శాసించింది. అయినా నోటిమాట కౌళ్ళ మీద, అప్పుల మీద ఆ భూముల్లో ఇతరుల మిరప, పొగాకు పండటం కొత్త సంగతి కాదు. పట్టా నాన్న పేరున ఉంటుంది. పెట్టుబడీ, పంటా వేరొకరివి. నాన్న తన పొలంలోనే కూలీ. అట్లాంటి చేలో కూతురు కాయ కోస్తే అది కుటుంబానికి సాయమా, వేరొకరికి కూలా? కాగితం చూస్తే సాయం. పంట ఎవరి ఇంటికి వెళ్తుందో చూస్తే కూలి. 2013లోనే పార్లమెంటు కార్మిక స్థాయీ సంఘం ఈ మినహాయింపుని తప్పుపట్టింది. ఇళ్ళలో పనిచేసే పిల్లల్ని ప్రభుత్వం ఎట్లా కనిపెట్టగలదని ప్రశ్నించింది. 2016లో యునిసెఫ్ కూడా ఆందోళన తెలిపింది. మినహాయింపు మాత్రం అట్లాగే నిలిచిపోయింది.

ఇంతవరకూ చెప్పినది అబ్బాయికీ అమ్మాయికీ వర్తిస్తుంది. ఇకమీదట చెప్పేది స్త్రీల ఉద్యమం చూడకపోతే వేరెవరూ చూడరు. తల్లి కోతకి వెళ్తే చంటిబిడ్డని ఎవరు చూడాలి? చేను గట్టు మీద చెట్టుకి కట్టిన ఉయ్యాల దగ్గర కూచున్న ఎనిమిదేళ్ళ, పదేళ్ళ ఆడపిల్లని మనందరం చూశాం. ఆమె ఒక్క కాయ కూడా కోయలేదు. ఏ తనిఖీ అధికారీ ఆమెని బాలకార్మికురాలని రాయడు. కానీ ఆమె గట్టు మీద ఉండబట్టే తల్లి చేతులు చేలో ఆడుతున్నాయి. యజమాని తల్లికిచ్చిన కూలిలో ఆ పిల్ల పని కూడా కలిసి ఉంది, ఆమెకి విలువ కట్టకుండా. ఇంటి దగ్గర ఉండిపోయిన పిల్ల సంగతీ అంతే. నీళ్ళు, వంట, తమ్ముళ్ళు, మేకలు. 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు. ఆ సర్వే ఆరేళ్ళు నిండినవాళ్ళందరినీ లెక్కలోకి తీసుకుంది. ఈ తేడా పెళ్ళితో మొదలవదు, బాల్యంలోనే మొదలవుతుంది.

చట్టం ‘సాయానికి’ మూడు గంటల పరిమితి పెట్టినప్పుడు ఈ ఇంటిపని ఆ మూడు గంటల్లోకి వస్తుందా, బయటే ఉంటుందా అని ఎవరూ ఆలోచించలేదు. పొద్దున్నే నీళ్ళు మోసి, అన్నం వండి బడికి వచ్చిన పిల్లకి ఆ పరిమితి బడిగంట కొట్టకముందే దాటిపోయి ఉండవచ్చు. పితృస్వామ్యం ఆడపిల్ల శ్రమకి పెట్టిన ముద్దుపేరు సాయం. ఆ పేరునే చట్టం తన భాషలోకి తీసుకుంది. అందువల్ల అబ్బాయి చేసే పని మీద కొంతైనా పనిచేసే చట్టం అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి మౌనంగా ఉండిపోతుంది.

పద్నాలుగో ఏడు ఇంకా కష్టమైనది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ దాకానే హామీ ఇచ్చింది. అంటే ఏ వయసుకి ఉచిత విద్య హక్కుగా ఉండటం ఆగిపోతుందో, సరిగ్గా ఆ వయసుకే పనిలో పెట్టుకోవటం చట్టబద్ధం అవుతుంది. ఒక తలుపు మూసుకోవటం, ఇంకొకటి తెరుచుకోవటం ఒకే రోజు జరుగుతాయి. ఎనిమిదో తరగతి తర్వాత ఊళ్ళో హైస్కూలు లేక, హాస్టల్లో సీటు దొరక్క ఇంట్లో ఉండిపోయిన ఆడపిల్లకి కోత సీజన్‌లో పనిదొరుకుతుంది. ఒక సీజన్ కూలి ఇంటి లెక్కలో చేరాక వచ్చే ఏడు దాన్ని తీసేయటం కష్టం. ఆ తర్వాత వచ్చేది పెళ్ళి ప్రస్తావన. బాల్యవివాహాల గురించి మనం పెట్టే సభల్లో మిరప కోత గురించి మాట్లాడటం లేదు. మాట్లాడాలి.

ఈ పిల్లల ప్రయాణం ఎంత నిరాధారంగా సాగుతుందో 2020 ఏప్రిల్‌లో దేశమంతా ఒకసారి చూసింది. బీజాపూర్ జిల్లాకి చెందిన 12 ఏళ్ళ ఆదివాసీ బాలిక ఊరివాళ్ళతో కలిసి తెలంగాణకి మిరప కోతకి వచ్చింది. తల్లిదండ్రులకి ఒక్కతే బిడ్డ. లాక్‌డౌన్‌తో పని ఆగిపోయింది, బండ్లు లేవు. మిగతా కూలీలతో అడవిదారిన నూరు కిలోమీటర్లకి పైగా మూడు రోజులు నడిచి, ఇల్లు ఇక కొద్ది దూరంలో ఉందనగా చనిపోయింది. అప్పుడు అందరూ లాక్‌డౌన్ గురించి, వలస కూలీల గురించి మాట్లాడారు. పన్నెండేళ్ళ పిల్ల ఫిబ్రవరి, మార్చి నెలల్లో బడిలో ఉండవలసింది కదా అన్న ప్రశ్న ఆ గోలలో వినపడలేదు. ఆమె చావుకి కారణం ఒక్క లాక్‌డౌనే కాదు. ఆమె చేలో ఉండటాన్ని అటు ప్రభుత్వం, ఇటు ప్రభుత్వం, తెచ్చినవాళ్ళు, పని ఇచ్చినవాళ్ళు అందరూ మామూలు విషయంగా తీసుకోవటం కూడా.

పిల్లలు పనిచేయటం ఆదివాసీ జీవితంలో భాగం, దాన్ని పట్నం కళ్ళతో చూడకూడదు అనేవాళ్ళున్నారు. అందులో కొంత నిజముంది. తల్లి వెంట అడవికి వెళ్ళి ఏ దుంప తినదగినదో, ఏ ఆకు మందో, ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుందో నేర్చుకోవటం చదువే. ఆ చదువుని మన బడులు గౌరవించకపోవటం బడుల తప్పు. కానీ తునికాకు సేకరణ అట్లాంటిది కాదు. ఆకు కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి, కల్లంలో లెక్క అప్పజెప్పటం బీడీ పరిశ్రమకి చేసే పని. ఏప్రిల్, మే నెలల్లో, ఎక్కువగా సెలవుల్లో జరుగుతుంది కాబట్టి దాన్ని సెలవుల ‘సాయం’ అనుకుంటారు. చీకటితో లేచి, ఎండ ముదిరేలోగా ఆకు తెంపుకుని రావాలి. ఉదయం 8కి ముందు పని కూడదన్న నియమం రాసినవాళ్ళకి అడవిలో పని ఎన్నింటికి మొదలవుతుందో తెలిసినట్టు లేదు. తల్లి దగ్గర నేర్చుకోవటం వేరు, కాంట్రాక్టరు కట్టల లెక్కకి చేతులు చేర్చటం వేరు. సంస్కృతి పేరుతో ఈ రెంటినీ కలిపేస్తే లాభపడేది ఆదివాసీలు కాదు.

ఈ చర్చ కొత్తది కాదు. 1921లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ వ్యవసాయంలో కనీస వయసు మీద ఒక ఒడంబడిక చేసింది. 14 ఏళ్ళ లోపు పిల్లలు బడివేళలకి బయట తప్ప వ్యవసాయంలో పనిచేయరాదంది. కోతల వంటి తేలికపనుల కోసం బడి సమయాలు సర్దుకోవచ్చు గానీ ఏడాదిలో బడి కాలం ఎనిమిది నెలలకి తగ్గకూడదంది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు శివకాశి కేసులో, ప్రమాదకరం కాని పనుల్లో ఉన్న పిల్లలకి రోజుకి నాలుగు నుంచి ఆరు గంటలకి మించి పని ఉండకూడదని, కనీసం రెండు గంటలు చదువు చెప్పించాలని, ఆ ఖర్చు యజమానే భరించాలని తీర్పు ఇచ్చింది. అప్పుడు పనికి చదువుని జోడించారు. 2016లో చదువుకి పనిని జోడించారు. మాటల క్రమం మారింది. పిల్ల రోజులో పని ఉండటం మాత్రం మారలేదు. 1996 తీర్పులో ఉన్న ఒక మంచి ఆలోచన ఇప్పటి నియమాల్లో జారిపోయింది. పిల్ల చదువు నష్టానికి పని ఇచ్చినవాడు మూల్యం చెల్లించాలన్నదే ఆ ఆలోచన.

రైతు మాట కూడా వినాలి. మిరప పెట్టుబడి ఎక్కువ, ధర ఎప్పుడు పడిపోతుందో తెలియదు. 2017 ఏప్రిల్‌లో ధర కుప్పకూలినప్పుడు ఖమ్మం మార్కెట్ యార్డులో రైతుల కోపం ఎట్లా బద్దలయ్యిందో, అరెస్టయిన రైతుల్ని బేడీలతో కోర్టుకి ఎట్లా తెచ్చారో గుర్తుంది. అమ్మేచోట నష్టపోయిన రైతు తగ్గించుకోగలిగిన ఖర్చు ఒక్కటే, కోతకూలి. 1990ల చివర నుంచి మన రాష్ట్రంలో సంకర పత్తి విత్తనాల చేలలో ఆడపిల్లల శ్రమ మీద దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు చేసిన పని ఇదే చూపింది. ‘చిన్న వేళ్ళు పువ్వుకి బాగా పనికొస్తాయి’ అన్నది సాకు. విత్తన కంపెనీలు రైతుకిచ్చే ధర, పెద్దవాళ్ళకి న్యాయమైన కూలి ఇవ్వగలిగేంత లేకపోవటం అసలు కారణం. కాబట్టి నియమాలు చేను గట్టు దగ్గర ఆగిపోకూడదు. కొనుగోలుదారుల దాకా, మసాలా కంపెనీల దాకా, ఎగుమతిదారుల దాకా వెళ్ళాలి. అట్లాగని రైతు కష్టం ఆడపిల్ల చదువుతో తీరదు. రైతుకి దక్కని ధరని పదేళ్ళ పిల్ల భర్తీ చేయాలనటం న్యాయం కాదు.

అమలు చేసేవాళ్ళెవరు? 2017 నియమాల ప్రకారం చెప్పకుండా వరసగా 30 రోజులు బడికి రాని పిల్ల గురించి ప్రధానోపాధ్యాయులు నోడల్ అధికారికి తెలియజేయాలి. ముప్ఫై రోజులు గడిచేసరికి ఒక విడత కోత అయిపోతుంది. ‘కోతకి పోతున్నాం’ అని తల్లి చెప్పి వెళ్తే ‘చెప్పకుండా’ అన్న షరతు కూడా పోతుంది. రెండు రోజులు వచ్చి నాలుగు రోజులు మానే పిల్ల ఈ లెక్కలోకి రానే రాదు. పైగా హాజరుపట్టీ ఒక రాష్ట్రంలో, పిల్ల ఇంకో రాష్ట్రంలో. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాక భద్రాచలం చుట్టూ సరిహద్దులు ఇంకా దగ్గరపడ్డాయి. 2005 తర్వాత సల్వాజుడుం హింసకి ఇల్లు వదిలి వచ్చిన గొత్తికోయల పిల్లలకి ఇక్కడ గిరిజన ధ్రువపత్రం దొరకక ఆశ్రమ పాఠశాలల్లో చేరటమే కష్టంగా ఉంది. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చుకోవటం స్థానిక సంస్థల బాధ్యత అని విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెప్పినా, ఎవరి స్థానిక సంస్థ అన్న దగ్గర అది ఆగిపోతోంది.

శిక్షల విషయంలో మనం జాగ్రత్తగా ఉండాలి. 14 ఏళ్ళ లోపు పిల్లని పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా ఉన్నాయి. తల్లిదండ్రులకి మొదటిసారి శిక్ష లేదు. మళ్ళీ జరిగితే 10 వేల దాకా జరిమానా వేయవచ్చు. గుత్త పద్ధతిలో యజమాని ఎట్లా కనపడకుండా పోతాడో పైన చూశాం. అప్పుడు అధికారి కంటికి ఎదురుగా నిలబడేది తల్లి. కోత కూలి మీద బతికే ఆ తల్లికి జరిమానా వేసి బాలకార్మిక వ్యవస్థని రూపుమాపామని చెప్పుకునే రోజు రాకూడదు.

అందువల్ల ఈ సీజన్‌కి ముందు మనం అడగవలసినవి కొన్ని స్పష్టంగా చెప్పుకుందాం.

ఒకటి: కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట, ఒక పెద్ద మనిషి ఒక రోజులో కోయగలిగినదానికి చట్టప్రకారం రావలసిన కనీస వేతనం తగ్గకుండా రేటు ఉండాలి. తల్లి ఒక్కతే కోస్తే ఆ రోజు గడిచేటట్టు ఉంటేనే పిల్ల బడిలో ఉంటుంది. అన్ని నియమాల కంటే ఇది ముందు.

రెండు: కోత జరిగే చేల దగ్గర చంటిపిల్లల్ని చూసే ఏర్పాటు ఉండాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్ళని చూడటానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకి కూలి ఇవ్వాలంది. ప్రభుత్వ పనిలో సాధ్యమని చట్టమే ఒప్పుకున్నది ప్రైవేటు చేలో ఎందుకు కూడదు? కోత నెలల్లో అంగన్‌వాడీ వేళలు పొద్దున్నే మొదలుకావాలి.

మూడు: కోతలు సాగే మండలాల్లో 30 రోజులు కాదు, వారంలో మూడు రోజులు రాకపోతేనే బడి కదలాలి. అమ్మాయిల హాజరు విడిగా చూడాలి. ఊరు వదిలి వెళ్ళే కుటుంబాల పిల్లలకి సీజనల్ హాస్టళ్ళు జనవరికే తెరవాలి, ఆడపిల్లలకి భద్రత ఉండేటట్టు. మూడు రాష్ట్రాల అధికారులు పిల్లల జాబితాలు ఒకరికొకరు ఇచ్చుకోవాలి.

నాలుగు: విద్యాహక్కు 18 ఏళ్ళ దాకా పొడిగించాలి. అంతవరకూ బడిలో, కాలేజీలో పేరున్న కౌమారులకి బడి రోజుల్లో ఆరు గంటల పని అన్న పరిమితి పనికిరాదు. ఇంటిపనిని కూడా లెక్కలోకి తీసుకుని బడిరోజుల్లో కూలిపని ఉండకూడదని, సెలవుల్లో చేస్తే పెద్దవాళ్ళతో సమానమైన రేటు, రిజిస్టరు, విశ్రాంతి ఉండాలని అడగాలి. పురుగుమందు కొట్టటం ప్రమాదమని అందరూ ఒప్పుకుంటారు. మందు కొట్టిన చేలో కోయటాన్ని మాత్రం తేలికపని అంటున్నారు. ఈ మాట మారాలి.

బడి సెలవుల్నే కోతల కాలానికి మార్చితే సరిపోతుంది కదా అని కొందరు మిత్రులు సూచిస్తున్నారు. ఇప్పపువ్వు కాలానికో, గూడెం పండుగలకో బడి సర్దుకోవటం వేరు. మిరప యజమాని అవసరానికి బడి మూతపడటం వేరు. అట్లా చేస్తే పిల్లల శ్రమకి ప్రభుత్వమే ముద్ర వేసినట్టవుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగే కోతకి ఎన్ని సెలవులిచ్చినా చాలవు కూడా.

వీటిలో కొన్నిటికి చట్టం మారాలి. కొన్నిటికి అంతదాకా ఆగనక్కర్లేదు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకి స్థానముందని చెప్పింది. కోతలు మొదలవకముందు మన సంఘాలున్న ప్రతి గూడెంలో స్త్రీలు గ్రామసభలో కూచుని ఈ ఊరి చేలలో కిలో రేటు ఎంత, చంటిపిల్లల్ని చూసేది ఎవరు, బడి వయసు పిల్ల బండెక్కితే అడిగేది ఎవరు అన్న మూడు విషయాల మీద తీర్మానం చేయవచ్చు. మేస్త్రీని, రైతుని అదే సభకి పిలవవచ్చు. వలస వచ్చిన స్త్రీలకి కూడా ఆ సభలో చోటివ్వాలి, వాళ్ళ భాషలో మాట్లాడేవాళ్ళని పక్కన పెట్టుకుని. తమ కూతుళ్ళు చదువుకోవాలని ఆ తల్లులకి మనం నేర్పనక్కర్లేదు. పిల్ల చేతులు లేకుండా రోజు గడిచే కూలి వాళ్ళకి దక్కేటట్టు చూడటమే మన పని. సాయం ఎక్కడ ఆగాలో తీర్మానించే హక్కు, ఇన్నాళ్ళూ ఆ సాయం చేస్తూ పెరిగిన స్త్రీలకే ముందు ఉండాలి.